రంజాన్ లెక్కలు, కాలిపోయిన మోటరు

ఆదివారం. ఉపవాసానికి ముందు తెల్లారకుండానే సెహ్రీ తిని కాసేపు నడుం వాలుద్దామంటే, వీధిలోకి నీళ్ల ట్యాంకరొచ్చి హారన్ అందుకుంది. 2024 వేసవి నీటి ఎద్దడి చూశాక బెంగళూరులో ఆ హారన్ వింటే విసుక్కోవాలనిపించడం లేదు, వచ్చిందిలే అనిపిస్తుంది.

నిద్ర ఎటూ పోయింది కదా అని జకాత్ లెక్క వేసుకున్నాను, అదే ఏటా పేదలకు విధిగా ఇవ్వాల్సిన దానం. ఏడాదిగా చేతిలో ఉన్న సొమ్ము 612 గ్రాముల వెండి ధర దాటితే వందకు రెండున్నర. ఒంటి మీద నగలు లెక్కలోకి రావని మా ఆవిడ. మనం హనఫీ పద్ధతి వాళ్లం, వస్తాయని నేను. ఏటా ఉండే గొడవే.

అంతలో కదిరి పక్క మా ఊరి నుంచి చిన్నాయన ఫోను. "నాయనా, జకాత్ దుడ్లు ఈసారి బోరుకియ్యి."

బోరుకు కుదరదన్నాను. జకాత్ పేదవాడి చేతికి సొంతంగా అందాలంటారు మా మతగురువు హజరత్. ఊరందరి బోరు ఎవరి సొంతం? అందుకే నా జకాత్ మా మేనత్తకే పోతుంది, భర్త లేని మనిషి. బోరుకిస్తే సదకా కింద, అంటే మనసుకొద్దీ ఇచ్చే దానం కింద ఇవ్వాలి. తల్లి పోయిన సాద్ బిన్ ఉబాదా అనే సహచరుడు ఏ దానం మేలని అడిగితే ప్రవక్త నీళ్లన్నారని, దాంతో సాద్ బావి తవ్వించారని హదీసు.

"అయినా పోయినేడు ఎవరో బోరేయించిరి కదా చిన్నాయనా?"

"ఏసిరి. మోటరు కాలిపాయ. పేర్ల పలక మాత్రం నిగనిగలాడతా ఉండాది."

నాకు కోపమొచ్చేది ఇక్కడే. కొత్త బోరంటే దుబాయి నుంచి కూడా డబ్బులొస్తాయి. మోటరు రివైండింగ్‌కి రమ్మంటే ఒక్కడూ పలకడు. దాని మీద పేరు రాయించుకోలేం మరి. స్వచ్ఛ భారత్ కింద 12,000 ఇచ్చి కట్టించిన మరుగుదొడ్లదీ అదే కథ. నీళ్లు లేక మా వీధిలో ఒకదాంట్లో వేరుశనగ కట్టె పేర్చారు. ఆడవాళ్లు చీకటితోనే చెరువుగట్టుకు పోతున్నారు. మనిషికి రోజుకు 55 లీటర్లని ఇంటింటికీ కుళాయి పథకం జల్ జీవన్ మిషన్ చెబుతుంది. ఆ కుళాయికైనా మోటరు తిరగాలిగా.

రివైండింగ్‌కి సదకా కింద డబ్బు పంపేశాను. స్టార్టరు కూడా మార్చమన్నాను, లేకుంటే వోల్టేజీ పడిపోయిన రోజు మళ్లీ కాలుతుంది. మిగిలింది ఆ మరుగుదొడ్ల దాకా పైపుకి. పైపు ఎన్ని అడుగులు పడుతుందో రేపు కొలిచి చెప్తానన్నాడు చిన్నాయన.