నూరు దేనారాలు చిన్న అప్పేం కాదు

చెన్నైలో పెరిగే తెలుగు పిల్లలకు, తెలుగువాళ్లను ఎగతాళిగా పిలిచే "గొల్టి" అనే మాట కొత్త కాదు. పెద్దవాళ్లు సరదాగా అంటారు, మనమూ నవ్వి ఊరుకుంటాం. ఆరో తరగతి పిల్లాడికి మాత్రం అది సరదా కాదు. క్లాసులో ఒక అబ్బాయి మావాణ్ణి నెలల తరబడి ఆ పేరుతోనే పిలిచాడు, వాడి తమిళ యాసను వెక్కిరించాడు.

ఇలాంటప్పుడు విశ్వాసుల ఇళ్లలో ముందుగా వచ్చే మాట, "క్షమించెయ్ నాన్నా, యేసయ్య క్షమించలేదా?" ఆ తొందర నాకు నచ్చదు. తగిలిన దెబ్బ లెక్కలోది కాదన్నట్టు వినిపిస్తుంది పిల్లలకు.

అందుకే వాడితో కూర్చుని బైబిల్లో మత్తయి సువార్త 18వ అధ్యాయం చదివాను. మావాడికి తెలుగు చదవడం రాదు. నేను చదువుతుంటే వాడు ఇంగ్లీషు బైబిల్లో వేలు పెట్టుకుని వెంట వచ్చాడు. అందులో యేసు చెప్పిన కథ ఉంది. పదివేల తలాంతుల అప్పు, అంటే ఎన్నటికీ తీర్చలేనంత మొత్తం, రాజు చేత మాఫీ చేయించుకున్న దాసుడు, తనకు నూరు దేనారాలు బాకీ ఉన్న తోటి దాసుడి గొంతు పట్టుకుంటాడు. ప్రసంగాల్లో ఆ నూరు దేనారాలను చిల్లర డబ్బుల్లా దాటేస్తుంటారు. కానీ ఆ రోజుల్లో దేనారం అంటే ఒక దినకూలి. 20వ అధ్యాయంలో ద్రాక్షతోట యజమాని కూలివాళ్లకు ఇచ్చింది అదే. అంటే మూడు నెలల పైచిలుకు కష్టం! యేసు ఆ బాకీ లేదనలేదు. "వాడు నీకు నిజంగానే బాకీ ఉన్నాడురా" అన్నాను. అప్పటిదాకా బిగబట్టుకున్నవాడు ఏడ్చేశాడు.

తర్వాత ఆస్ట్రేలియా నుంచి వచ్చిన మిషనరీ గ్లాడిస్ స్టెయిన్స్ గారి గురించి చెప్పాను. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో ఆమె భర్త గ్రాహంనూ, పదేళ్ల ఫిలిప్‌నూ, ఆరేళ్ల తిమోతినీ బండిలో నిద్రపోతుండగా తగలబెట్టారు. ఆమె హంతకులను క్షమించానన్నారు, బారిపదలో కుష్ఠురోగుల సేవ కొనసాగించారు. కేసు మాత్రం ఆగలేదు. ప్రధాన దోషికి పడిన యావజ్జీవ శిక్షను 2011లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది.

"అయితే మిస్‌కి చెప్పొచ్చా నాన్నా?" అన్నాడు.

చెప్పాలి. నేనే వెళ్లి మాట్లాడాను, వెక్కిరింపులు ఆగాయి.

రాత్రి ప్రార్థనలో ఆ అబ్బాయి పేరు కూడా చెప్పమన్నాను. మొదట్లో పళ్లు బిగించి చెప్పేవాడు. ఇప్పుడు నానమ్మ పేరు తర్వాత ఆ పేరు మామూలుగానే వస్తోంది. లంచ్ మాత్రం ఇంకా వాడితో కలిసి తినడు. తినమని నేనూ అడగను.