తాత ఇంటి టేకు మా ఫ్లాటుకు చేరేదాకా

మొన్న ఆదివారం సాయంత్రం హాల్లో చివరి పలక బిగించి, మిస్త్రీ సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు. రాత్రి లైట్లు వేసి, మా నాన్నను, అంటే బాపును, కుర్చీలో కూర్చోబెట్టి, నేను కింద కూర్చుని ఆ గోడ వైపే చూస్తూ ఉండిపోయాను. మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో మాది ఐదో అంతస్తు, 850 చదరపు అడుగులు, రెండు బెడ్‌రూములు. గోడలు తెలుపు, సామాను తక్కువ, చెయ్యి తగిలే చోటల్లా టేకు. వచ్చినవాళ్ళంతా ఎవరు డిజైన్ చేశారని అడుగుతున్నారు. నేనే చేశాను. చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు.

మొత్తం ఏడు నెలలు పట్టింది. డిజైనుకు పది రోజులే. ఎక్కువ కాలం ఆ కర్రను ఇంటికి తెచ్చుకోవడానికే పోయింది.

మొదట అందరిలాగే ఒక షోరూముకు వెళ్ళాం. మాకు ఎక్కువ సామాను వద్దు, చెక్క రంగు ఉంటే చాలు అని చెప్పాం. తొమ్మిది లక్షల కొటేషన్ చేతిలో పెట్టారు. అందులో గదిగదికీ ఫాల్స్ సీలింగ్, టీవీ వెనక గోడంతా పలకలు, వాటి చుట్టూ రంగుల లైట్లు. చెక్క ఎక్కడ అంటే టేకు రంగు లామినేట్ చూపించారు. అది 1 మిల్లీమీటరు మందం ఉండే రేకు, పైన చెక్క బొమ్మ ప్రింటు. పక్కపక్కన నాలుగు తలుపులు నిలబెట్టి ఉంటే నాలుగింటి మీదా ఒకే చోట ఒకే ముడి! ఏ చెట్టుకైనా అలా ఉంటుందా? అప్పుడే లేచి వచ్చేశాను. మీరూ అలాంటి చోట అడ్వాన్సు ఇవ్వకండి. ముందు మీ ఇంట్లో రోజూ ఏం వాడతారో కాగితం మీద రాసుకోండి, సగం ఖర్చు అక్కడే తగ్గిపోతుంది.

మాది బొగ్గు ఊరు. పొద్దున తుడిచిన కిటికీ గట్టు మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. అందుకని తెరిచి ఉండే అరలు ఒక్కటీ పెట్టలేదు. బీరువాలన్నీ నేల నుంచి పైకప్పు దాకా మూసే ఉంటాయి, పైన దుమ్ము చేరే ఖాళీ లేదు. గోడలకు అచ్చ తెలుపు కాకుండా కొంచెం మీగడ రంగు వేయించాను. టేకు పక్కన అచ్చ తెలుపు ఆస్పత్రిలా కనిపిస్తుంది. లైట్లు 3000 కెల్విన్‌వి, అంటే పసుపు వెలుగువి తెచ్చాను. తెల్లటి వెలుగు ఇచ్చే 6500వి వేస్తే ఎంత మంచి చెక్కయినా పాలిపోతుంది. రెండు రకాలూ కొని, పలక మీద వేసి చూసుకుని మరీ తీసుకున్నాను. ఇవన్నీ వారంలో తేలిపోయాయి.

ఇక కర్ర సంగతి.

సిరొంచలో మా తాత కట్టిన పెంకుటిల్లు వెనక గోడ వానలకు కూలింది. ఇక నిలబడదని విప్పించాం. దూలాలు, వాసాలు, మూడు ద్వారబంధాలు, ఒక గడప. అన్నీ టేకే. మిస్త్రీ లెక్క కడితే 60 ఘనపుటడుగులకు పైనే వచ్చింది. అంచులు పురుగు తిన్నా లోపల చేవ ఇనుములా ఉంది. ఈ రంగు ఏ షోరూములో దొరుకుతుందని పొంగిపోయాను. పాత ఇంటి కర్రకు కాగితాలేం అక్కర్లేదని వ్యాన్ డ్రైవర్ అన్నాడు. ఆ మాట నమ్మడమే నేను చేసిన తప్పు.

దారిలో అటవీ శాఖ నాకా (తనిఖీ చోటు) దగ్గర ఆపారు. పైన కప్పిన టార్పాలిన్ తీసి చూసి "సాగ్వాన్" అన్నారు, మరాఠీలో టేకు అని, అంతే. కర్ర తరలించే పాసు ఏది, అటవీ డిపో వాళ్ళు కర్ర మీద కొట్టే సుత్తి ముద్ర ఏది అని అడిగారు. ఇది మా ఇంటి దూలమండీ, చూడండి, తొలిచిన బొక్కలున్నాయి, మేకులున్నాయి, సున్నం అంటుకుని ఉంది, పొయ్యి మసి ఉంది అని చూపిస్తూనే ఉన్నాను. ఒక్కరూ చూడలేదు. అంతా రోడ్డు పక్కన దింపించారు. బస్సు ఆగింది, దిగినవాళ్ళు చుట్టూ మూగారు. ఒకాయన ఫోనులో వీడియో తీశాడు. బాపుకు 71 ఏళ్ళు. ఆయన్ను బల్ల మీద కూర్చోబెట్టి, లేవొద్దన్నారు.

2023 మార్చిలో అయోధ్య గుడి తలుపులకని బల్లార్షా నుంచి టేకు ఊరేగింపుగా బయలుదేరినప్పుడు బాపు రెండు గంటలు ఎండలో నిలబడి ఆ లారీకి దండం పెట్టి వచ్చాడు. మన అడవి కర్ర రాముడి గుడికి పోతుందని వారం రోజులు అందరికీ చెప్పాడు. ఆ మనిషిని టేకు దొంగ అన్నట్టు కూర్చోబెట్టారు. సాయంత్రం ఇంటికి వచ్చేటప్పుడు దారంతా ఒక్క మాటే. "నేను దొంగనా బిడ్డా? అది మా బాపు కట్టిన ఇల్లు."

కర్ర వాళ్ళ దగ్గరే ఉండిపోయింది, 43 రోజులు.

మా మేనత్త కొడుకు వకీలు. బావ చెప్పాక అసలు చిక్కు తెలిసింది. 1927 నాటి అటవీ చట్టంలో 69వ సెక్షన్ ఉంది. అడవి నుంచి వచ్చిన కర్ర ప్రభుత్వానిదా కాదా అన్న ప్రశ్న కేసులో వస్తే, కాదని రుజువయ్యేదాకా ప్రభుత్వానిదే అనుకోవాలి. అంటే మా తాత దూలం మా తాతదే అని మేమే నిరూపించాలి. ఇంటి పన్ను రసీదులు, పంచాయతీ దాఖలా, ఇల్లు విప్పకముందు ఫోటోలు, కర్ర కొలతల పట్టిక, వారసుల ఒప్పుకోలు. చిన్నాయన, ఇద్దరు మేనత్తలు ఒక్క మాట అడ్డం చెప్పకుండా సంతకాలు పెట్టారు. ఆస్తి కాగితాల దగ్గర మొహాలు మాడ్చుకునే అన్నదమ్ములున్న కాలంలో మావాళ్ళు ఇలా ఉన్నందుకు నాకు గర్వంగా ఉంది.

అటవీ ఆఫీసులో మొదటి అడ్డం జిల్లా పేరు. తాత కాగితాల్లో చాందా జిల్లా అని ఉంది. ఇది ఏ జిల్లా, సిరొంచ గడ్చిరోలిలో కదా అన్నాడు గుమాస్తా. గడ్చిరోలి విడి జిల్లా అయింది 1982 ఆగస్టు 26న. అంతకు ముందంతా చాందాయే, ఇప్పటి చంద్రపూర్. ఈ సంగతి అక్కడ కూర్చున్న మనిషికి నేను చెప్పాల్సి వచ్చింది.

రెండోది సంతకం. దీన్ని మాత్రం నేను మర్చిపోను.

బాపుకు అక్షరాలు నేర్పింది తాత. తెలుగు అక్షరాలు. గనిలో 34 ఏళ్ళు జీతం రిజిస్టర్లో తెలుగులోనే సంతకం పెట్టాడు, పింఛను కాగితాల మీదా అదే. దరఖాస్తు మూడు ప్రతుల మీద అలాగే పెట్టి ఇచ్చాడు. గుమాస్తా కాగితం కంటికి దగ్గరగా పెట్టుకుని నవ్వి, పక్కతనికి చూపించాడు. "ఈ గుండ్రాలేంటి? మరాఠీలో పెట్టు" అన్నాడు. 'పెట్టండి' అనలేదు, పెద్దమనిషిని 'తూ' (నువ్వు) అన్నాడు. బాపు ఏమీ మాట్లాడలేదు. పెన్ను తీసుకుని, ఎప్పుడో బడి వదిలిన పిల్లవాడిలా ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ పేరు రాశాడు. చివర ఒక దీర్ఘం తప్పింది. ఆధార్‌లో పేరుకు ఇది కలవదని ఆ ప్రతి చించేసి, సోమవారం రమ్మన్నాడు. మెట్లు దిగుతూ బాపు రెండు చేతులతో గోడ పట్టుకున్నాడు. ఆ తర్వాత రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

మనిషి తన సంతకం ఏ లిపిలోనైనా పెట్టుకోవచ్చు. ఈ సరిహద్దున పుట్టిన మేము ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ మాట్లాడుతూ బతుకుతాం. రెండు భాషలకూ తక్కువ చేసినవాళ్ళం కాదు. మీ పెద్దవాళ్ళను ఎవరైనా ఇలా అంటే దయచేసి ఊరుకోకండి. నేను ఆ రోజు పని చెడుతుందేమోనని ఊరుకున్నాను. ఆ బాధ ఇంకా పోలేదు.

సోమవారం బావ కూడా వచ్చాడు. గుమాస్తా దగ్గరకు వెళ్ళకుండా నేరుగా పై అధికారిని కలిశాం. ఆవిడ ఫోటోలు చూసి, లేచి, మాతో పాటు యార్డులోకి నడిచి వచ్చింది. ఒక వాసం మీద చెయ్యి పెట్టి, తొలిచిన బొక్కలో వేలు పెట్టి చూసింది. మసి వేలికి అంటింది. "కాకా, ఇది మీ ఇంటి కర్రే" అంది మరాఠీలో. పది నిమిషాల పని. బాపు తెలుగు సంతకం ఉన్న ప్రతి మీదే ఆర్డరు రాసింది.

కాబట్టి పాత ఇల్లు విప్పే ఆలోచన ఉంటే ఇల్లు నిలబడి ఉండగానే ఫోటోలు తీయండి, కర్ర ఎక్కడ ఉందో కనిపించేలా. బండి ఎక్కించే ముందు అటవీ ఆఫీసులో అర్జీ ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకోండి. డ్రైవర్ల మాట వినకండి.

తర్వాత పని చకచకా సాగింది. మేకులు తీయడానికే నాలుగు రోజులు, అయస్కాంతం తిప్పి తిప్పి వెతికి. ఒక్క మేకు మిగిలినా రంపం పళ్ళు పోతాయి. చిత్రిక పట్టగానే పలకలు పచ్చగా, చారలు చారలుగా ఉంటే నేను కంగారు పడ్డాను. వెలుగు తగలనివ్వమ్మా, అదే కుదురుకుంటుంది అన్నాడు మిస్త్రీ. నెల తిరిగేసరికి అంతా ఒకే తేనె రంగుకు వచ్చింది. ఇక్కడ మే నెలలో 46, 47 డిగ్రీలు, వెంటనే వానలు. కర్ర ఎండకు ముడుచుకుని వానకు ఉబ్బుతుంది. అందుకే తలుపుల మధ్య పలకలను బంక పెట్టకుండా గాడిలో వదులుగా కూర్చోబెట్టించాను. మెరిసే పాలిష్ వద్దని అవిసె నూనె మూడు పూతలు వేయించాను. ఒక జాగ్రత్త: ఆ నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకండి, వేడెక్కి వాటంతట అవే అంటుకుంటాయి. నీళ్ళలో తడిపి, ఆరుబయట పరిచి ఆరేయండి.

మొత్తం ఖర్చు మూడున్నర లక్షలు దాటలేదు.

గడపను మాత్రం కోయనివ్వలేదు. హాల్లో కిటికీ కింద అడ్డంగా, బల్లలా పెట్టించాను. నాయనమ్మ శుక్రవారం శుక్రవారం రాసిన పసుపు చారల లోపలికి దిగిపోయింది, చిత్రిక పట్టినా పోలేదు. మిస్త్రీ ఇంకో పొర తీస్తానంటే బాపు వద్దన్నాడు. ఇప్పుడు ఆయన పేపరు చదివేది అక్కడే. వంటింటి తలుపు ఒక్కటి మిగిలింది. వానలు తగ్గాక పెట్టిస్తాం, ఇప్పుడు కోస్తే ఉబ్బుతుంది.