సయాం రైలు దారిలో

సయాం అంటే ఇప్పటి థాయ్‌లాండ్. అక్కడి కాంచనబురి వెళ్ళేవాళ్ళు ముందు, రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం ఖైదీలతో, కూలీలతో బర్మా దాకా వేయించిన రైలు దారి వంతెన దగ్గరికి పరిగెడతారు. సెల్ఫీలు, కొబ్బరి ఐస్‌క్రీమ్, టీషర్టుల బళ్ళు. ఆ ఊళ్ళో చూడాల్సినవాటిలో నేనైతే దాన్ని చిట్టచివర పెడతాను. వంపు తిరిగిన ఇనుప భాగాలు యుద్ధకాలం నాటివి, జపాన్ సైన్యం జావా నుంచి విప్పి తెచ్చి బిగించింది. మధ్యలో కోణాలుగా కనిపించేవి బాంబులకు కూలిన చోట యుద్ధం అయ్యాక పెట్టినవి. ఈ తేడా కనిపెట్టేస్తే అక్కడ పని అయిపోయినట్టే. అసలు ఆ వంతెన కట్టింది మే క్లాంగ్ నది మీద. ‘ద బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్’ సినిమా చూసి వచ్చిన జనం క్వాయ్ నది ఏదీ అని అడుగుతుంటే, 1960లలో ఆ భాగానికి క్వాయ్ యాయ్ అని పేరు మార్చేశారు. సినిమాలో బ్రిటిష్ కల్నల్ శత్రువుకి మంచి వంతెన కట్టిపెట్టాలని తహతహలాడతాడు. నిజంగా ఇక్కడి తామర్కాన్ క్యాంపులో ఖైదీలకు పెద్దగా ఉన్న ఫిలిప్ టూసీ అలాంటివాడు కాదు. తనవాళ్ళు బతకడం కోసం గార్డులతో బేరాలాడి, అడిగినందుకు దెబ్బలు తిన్నాడు.

నేను బ్యాంకాక్ తోన్‌బురి స్టేషన్ నుంచి పొద్దుటి మూడో తరగతి రైల్లో వచ్చాను. తీసిపెట్టిన కిటికీలు, తిరిగే ఫ్యాన్లు, బుట్టలతో ఎక్కి దిగే అమ్మకందారులు. మన పాత ప్యాసింజర్ బండే. ఈ లైను ఇప్పుడు నామ్ తోక్‌తో ఆగిపోతుంది. అప్పట్లో థాయ్‌లాండ్‌లోని బాన్ పోంగ్ నుంచి బర్మాలోని థాన్‌బ్యుజయత్ దాకా 415 కిలోమీటర్లు. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది. అక్కడ చిక్కిన సైనికుల్ని వేలకు వేలు గూడ్స్ పెట్టెల్లో, పెట్టెకు ముప్పై మంది చొప్పున కుక్కి ఇటు తోలారు. ఇనుప పెట్టెలు, పగలు పెనంలా కాలేవి. బర్మాలోని తమ సైన్యానికి సముద్రం మీద సరుకు పంపడం కష్టమవుతుండటంతో జపాన్‌కు ఈ లైను కావాల్సి వచ్చింది. 1943 అక్టోబర్‌లో రెండు వైపుల పట్టాలూ కలిశాయి. ఈ లైను మీద పనిచేసిన దాదాపు 30,000 మంది బ్రిటిష్ ఖైదీల్లో సుమారు 6,900 మంది చనిపోయారు.

ఊరి మధ్యలో, మెయిన్ రోడ్డు పక్కనే యుద్ధ శ్మశానం. గడ్డి ఎంత నున్నగా ఉందంటే చెప్పులతో నడవడానికి మొహమాటం వేసింది. దాదాపు ఏడు వేల సమాధులు, బ్రిటిష్, ఆస్ట్రేలియన్, డచ్. ఒక్కో దాని మీద కంచు పలక: పేరు, నంబరు, రెజిమెంటు, చనిపోయిన తేదీ, వయసు. 22, 24, 23, 31. తేదీలు చదువుకుంటూ పోతే 1943 మే నుంచి శీతాకాలం లోపలి నెలలే ఎక్కువ. కలరాతో పోయి క్యాంపులోనే దహనమైన 300 మంది బూడిద రెండు సమాధుల్లో ఉంది. వాళ్ళ పేర్లు మంటపంలో చెక్కారు. బూడిద కలిసిపోయినా పేరు మాత్రం ఎవరిది వాళ్ళకు ఉంది. ద్వారం దగ్గర అవిభక్త భారత సైన్యానికి చెందిన 11 మంది పేర్లు కూడా చదివాను.

పక్కనే థాయ్‌లాండ్-బర్మా రైల్వే సెంటర్ మ్యూజియం. నా సలహా అడిగితే ముందు ఇది చూసి, తర్వాత శ్మశానంలోకి వెళ్ళండి. వాళ్ళు ఎలా బతికారో ఇక్కడే తెలుస్తుంది. వెదురు పాకలు, తాటాకు లాంటి ఆకు కప్పులు. రెండు పక్కలా వెదురు మంచె, మనిషికి దాదాపు రెండడుగుల వెడల్పు. బట్టలు చిరిగి పోయాక అందరికీ గోచీలే. తిండి తెల్లటి పాలిష్ బియ్యం, అదీ పురుగులు పట్టింది, మీద ముల్లంగి ముక్కలు తేలే నీళ్ళ చారు. పాలిష్ బియ్యంలో బి1 విటమిన్ ఉండదు కాబట్టి బెరిబెరి వచ్చి ఒళ్ళంతా నీరు పట్టేది. డాక్టర్లు తవుడు కోసం వెతికి మరీ తినిపించేవాళ్ళు. మనూళ్ళో గేదెలకు పెట్టే తవుడు అక్కడ మందు.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టినవి పుండ్ల బొమ్మలు. వెదురు గీసుకుంటే చాలు, వారంలో ఎముక కనిపించేది. చెంచా అంచు పదునుపెట్టి కుళ్ళిన కండ గోకేవాళ్ళు, అప్పటికీ లొంగకపోతే కాలు తీసేసేవాళ్ళు. చుంగ్‌కాయ్ క్యాంపు ఆసుపత్రిలో మార్కోవిట్జ్ అనే కెనడియన్ డాక్టరు రక్తం గడ్డకట్టకుండా వెదురు కవ్వంతో చిలికించి, వడగట్టి ఎక్కించేవాడట. ఈ బొమ్మలు గీయడమూ నేరమే, దొరికితే చావబాదేవాళ్ళు. ఖైదీలు వాటిని వెదురు బొంగుల్లో దాచారు. ఇంటికి రాయనిచ్చిన కార్డులో 25 మాటలకు మించి పట్టేవి కావు. రెడ్‌క్రాస్ పార్సిళ్ళు చాలావరకు వాళ్ళ దాకా రాలేదు.

ఒక లెక్క అక్కడి నుంచి నాతోపాటు వచ్చింది. జర్మనీ, ఇటలీల చేతికి చిక్కిన బ్రిటిష్, అమెరికన్ ఖైదీల్లో చనిపోయినవాళ్ళు 4 శాతం, జపాన్ చేతికి చిక్కినవాళ్ళలో 27 శాతం అని యుద్ధం అయ్యాక టోక్యోలో జరిగిన యుద్ధ నేరాల విచారణలో తేల్చారు. యుద్ధ ఖైదీల్ని ఎలా చూడాలో చెప్పే 1929 జెనీవా ఒప్పందం మీద జపాన్ సంతకం పెట్టింది కానీ ఆమోదించలేదు.

మర్నాడు బస్సులో, లైను కోసం కొండను చీల్చిన హెల్‌ఫైర్ పాస్‌కి వెళ్ళాను, 80 కిలోమీటర్లు. ఆస్ట్రేలియా ప్రభుత్వం కట్టిన మ్యూజియంలో ఆడియో గైడు ఇస్తారు. మెట్లు దిగి పాత ట్రాక్ మీద నడిస్తే రెండు పక్కలా నిలువు రాయి. సుత్తి, ఉలి, కొంచెం డైనమైట్‌తో చీల్చిన కొండ. ఒకడు ఉలి పట్టుకుని తిప్పుతుంటే ఇంకొకడు సుత్తి కొట్టడం, రాత్రంతా. 1943లో పని త్వరగా తేల్చమని టోక్యో నుంచి ఒత్తిడి వచ్చాక గార్డులు ‘స్పీడో’ అని అరుస్తూ రోగుల్ని కూడా ఆసుపత్రి నుంచి లాక్కొచ్చారు. ఇంజనీర్లకు కావాల్సింది తలల లెక్క, అంతే. మధ్యాహ్నం ఆ ఎండలో అరగంట నడిచేసరికే నాకు నీళ్ళ సీసా ఖాళీ అయింది.

ఆ 1943 ఏప్రిల్‌లోనే సింగపూర్ నుంచి ‘ఎఫ్ ఫోర్స్’ అని 7,000 మందిని పంపారు. బాన్ పోంగ్‌లో దింపి వానలో, రాత్రుళ్ళు, 300 కిలోమీటర్ల దాకా నడిపించారు. వాళ్ళలో దాదాపు 3,100 మంది పోయారు. ఆస్ట్రేలియన్లూ బ్రిటిషర్లూ దాదాపు సగం సగం ఉన్నా పోయినవాళ్ళలో ఎక్కువమంది బ్రిటిషర్లే. వయసు, అప్పటికే ఉన్న జబ్బులు, క్యాంపు శుభ్రత, ఎవరి కారణం వాళ్ళు చెబుతారు. నాకు మాత్రం మరుగుదొడ్డి ఎంత లోతుగా తవ్వారు, నీళ్ళు ఎంతసేపు కాచారు అన్నది మామూలు విషయాలుగా తోచలేదు. క్యాంపులో మాట వినిపించుకునే ఆఫీసరు, డాక్టరు, చచ్చినవాడి పేరు రాసుకునే గుమస్తా ఉంటే ఆ క్యాంపు వేరు.

ఆ ముగ్గురూ లేనివాళ్ళు ఈ లైను మీద ఇంకా ఎక్కువమంది. మలయా (ఇప్పటి మలేసియా), బర్మా, జావా నుంచి తెచ్చిన కూలీలు రెండు లక్షల పైచిలుకు అంటారు, చనిపోయింది 90,000 దాకా ఉండొచ్చని అంచనా. మలయా రబ్బరు తోటల నుంచి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది తమిళులు, వాళ్ళతో పాటు మన తెలుగువాళ్ళూ ఉన్నారు. కొందరు పెళ్ళాం పిల్లలతో సహా వచ్చారు. ఆ క్యాంపుల్లోకి కలరా వస్తే ఎవరు ఎవరిని కాల్చారో రాసిపెట్టిన కాగితం లేదు.

వాళ్ళ కోసం ఊళ్ళో శ్మశానానికి దగ్గర్లోనే వాట్ థావోర్న్ గుడి ఆవరణలో ఒక కట్టడం ఉంది. అక్కడికి టూరిస్టు బస్సులు రావు. నేను వెళ్ళేసరికి చీర కట్టుకున్న ఒక పెద్దావిడ, ఆవిడ కొడుకు ఉన్నారు. ఫోన్లో నా తెలుగు విని ఆవిడే పలకరించింది. మలేసియాలో పెరాక్ వాళ్ళు, తాతలది విశాఖపట్నం వైపంట.

“మా అమ్మ వాళ్ళ నాన్నని తోట నుంచి సయాంకి తీసుకుపోయారు బాబూ. మూడు నెలల పని అన్నారంట.”

“కబురేమైనా వచ్చిందా అమ్మా?”

“ఏం వస్తాది. ఏ రోజు పోయాడో తెలీదు. తిథి తెలీదని మా అమ్మ మహాలయ అమావాస్యకే పెట్టేది. నేనూ అంతే.”

శ్మశానంలో చూసిన కంచు పలకల మీది తేదీల సంగతి నేను ఎత్తలేదు. ఆవిడా ఆ శ్మశానం చూసే వచ్చింది.

మర్నాడు వ్యాన్ మాట్లాడుకుని బర్మా సరిహద్దు వైపు, నియికి దాకా పోతామన్నారు. ఆ వైపు పాత లైను చాలావరకు 1980లలో కట్టిన ఖావో లెమ్ డ్యామ్ నీళ్ళలో మునిగిపోయిందని కొడుకుతో చెప్పాను. ఆవిడ విని, వ్యాన్‌కి ఎంత అడుగుతారో తెలుసా అని నన్నడిగింది. నాకు తెలిసిన రేటు చెప్పి, నేను దిగిన గెస్ట్‌హౌస్ వాళ్ళ నంబరు ఇచ్చాను.

“రోడ్డు ఉన్నంత వరకు పోతాం బాబూ,” అంది.