లారెల్ వీధి మీద గీత

మున్సిపల్ టౌన్ ప్లానింగ్‌లో డ్రాఫ్ట్స్‌మన్‌గా ముప్పై ఒక్క ఏళ్ళు చేసి రిటైరయ్యాను. ఇప్పుడు విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటున్నాను. పటం చూస్తే, గీసినవాడి మనసులో ఏముందో కొంత పట్టుకోగలను. రోడ్డు వెంట నేరుగా పోయే గీత వేరు. పోతూ పోతూ ఒకచోట సందులోకి దిగి, నాలుగిళ్ళ వెనకనుంచి తిరిగి మళ్ళీ రోడ్డెక్కే గీత వేరు. ఆ రెండో దానికి కారణం ఉంటుంది కానీ, ఫైల్లో మాత్రం దొరకదు.

2018లో మా అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్ళాం. వాళ్ళుండేది నార్త్ కరోలినాలో, గ్రీన్స్‌బరో. ఒకరోజు సాయంత్రం అల్లుడు కారాపి, "మావయ్యగారూ, మీకు నచ్చేది ఒకటి చూపిస్తాను" అన్నాడు. అది నల్లజాతి విద్యార్థుల కోసం పుట్టిన పెద్ద యూనివర్సిటీ. మధ్యలో లారెల్ స్ట్రీట్. అమెరికా కాంగ్రెస్ (వాళ్ళ పార్లమెంటు) దిగువసభ ఎన్నికల్లో రోడ్డుకి ఇటు ఆరో నియోజకవర్గం, అటు పదమూడోది. నల్లజాతివాళ్ళ ఓట్లు ఎక్కువగా డెమొక్రాట్లకు పడతాయి, ఇక్కడ ఒకే క్యాంపస్ పిల్లల ఓట్లు రెండు ముక్కలు. రెండు చోట్లా గెలిచింది అవతలి పార్టీ రిపబ్లికన్లే. నేను చాలాసేపు ఆ రోడ్డు మీదే నిలబడ్డాను. హద్దుగా రోడ్డును తీసుకోవడంలో తప్పేం లేదు, మేమూ అదే చేస్తాం. కానీ ఊళ్ళో అన్ని రోడ్లుండగా ఈ రోడ్డే ఎందుకు?

ఆ పటం గీసింది థామస్ హోఫెల్లర్ అనే ఆయన. రిపబ్లికన్ల పటాలు గీయడమే ఆయన వృత్తి. అక్కడ చాలా రాష్ట్రాల్లో హద్దులు గీసేది శాసనసభే, అంటే గెలిచిన పార్టీయే. 2016లో ఆ పటంతో 13 సీట్లలో 10 రిపబ్లికన్లకు వచ్చాయి. వాళ్ళకు పడిన ఓట్లు నూటికి 53 దాకా. పదకొండు, రెండు వచ్చేలా గీయడం సాధ్యం కాదు కాబట్టే పది, మూడు పెట్టామని వాళ్ళ నాయకుడొకాయన శాసనసభ కమిటీ సమావేశంలోనే చెప్పాడు.

హోఫెల్లర్ గురించి చదువుతుంటే నాకు నిద్ర పట్టలేదు, ఎందుకంటే నేనూ ఒకసారి అలాంటి గీత గీశాను. ఊరి పేరు చెప్పను. వార్డుల విభజన జరుగుతోంది. ఒక కాలనీకి ఇవతల కాలువ గట్టు ఉంది, హద్దు దానంతట అదే కుదిరింది. సాయంత్రం ఒకాయన నా బల్ల దగ్గరికొచ్చి, "ఈ కాలనీని అటు తోసెయ్యవయ్యా" అన్నాడు. ట్రేసింగ్ పేపర్ మీద ఇంకు గీత చెరపాలంటే బ్లేడుతో మెల్లగా గీకాలి. గీకినచోట కాగితం నూగులేస్తుంది, అలాగే పెన్ను పెడితే ఇంకు పాకుతుంది. అందుకని గోటితో రుద్ది నున్నగా చేసి మళ్ళీ గీశాను. పది నిమిషాల పని. పోలింగ్ రోజు ఆ కాలనీ ముసలమ్మ ఒకావిడ చేతిలో స్లిప్పు పట్టుకుని, "నా ఓటు రైలు పట్టాల అవతలికెందుకు పోయింది బాబూ?" అని నన్నే అడిగింది. ఏవో రూల్సు చెప్పి పంపించాను. ఈ రోజుకీ ఆవిడ ముఖం గుర్తుంది.

2019 జూన్ 27న అమెరికా సుప్రీంకోర్టు ఆ నార్త్ కరోలినా పటం మీద 5–4 తో తీర్పిచ్చింది. దాంతోపాటే మేరీలాండ్ కేసు కూడా విన్నారు, అక్కడ గీసుకున్నది డెమొక్రాట్లు. పార్టీ లాభం కోసం ఇలా గీయడం అన్యాయంగా కనిపించవచ్చు, ప్రజాస్వామ్యానికి సరిపడదు అని ఒప్పుకుంటూనే, ఎంతవరకు సబబో తేల్చే కొలమానం మా దగ్గర లేదు, ఇది ఫెడరల్ (కేంద్ర) కోర్టుల పని కాదు అన్నారు ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్. జస్టిస్ కేగన్ ఎంతో బాధతో విభేదిస్తున్నానని రాశారు.

కొలమానం లేదన్న మాట నాకు మింగుడుపడదు. జొవెయ్ చెన్ అనే ప్రొఫెసర్ కంప్యూటర్ చేత పార్టీల లెక్క చూడకుండా 3,000 పటాలు గీయించాడు. అందులో ప్రతి ఒక్క పటంలోనూ డెమొక్రాట్లకు కనీసం ఇంకో సీటు వస్తోంది. పొలం గట్టు తగాదాలో సర్వేయరు చేసేదీ ఇదే కదా! హద్దు రాయి అసలు ఎక్కడుండాలో తేల్చి, ఎంత జరిగిందో చెబుతాడు. ఇంతకంటే కొలత ఏం కావాలి?

ఆ తర్వాత కథ రాష్ట్ర కోర్టులకు మారింది. లారెల్ వీధి గీత అక్కడే పోయింది, 2020 ఎన్నికలకు క్యాంపస్ ఒకటైంది. 2022లో కోర్టు వేయించిన పటంతో 14 సీట్లు ఏడూ ఏడుగా వచ్చాయి. అదే ఎన్నికల్లో రాష్ట్ర సుప్రీంకోర్టులో జడ్జీల బలం మారింది (అక్కడ జడ్జీలనూ ఓట్లతోనే ఎన్నుకుంటారు). పార్టీ లాభం కోసం ఇలా గీయకూడదన్న పాత తీర్పును 2023లో కొత్త బెంచి తిరగేసింది. 2024లో కొత్త పటం, రిపబ్లికన్లకు పది, డెమొక్రాట్లకు నాలుగు.

మన దగ్గర లోక్‌సభ, అసెంబ్లీ హద్దులు గీసేది పునర్విభజన కమిషన్. ఎంపీలు, ఎమ్మెల్యేలు పక్కన కూర్చోవచ్చు కానీ వాళ్ళకు ఓటు లేదు. ఇది చాలా మంచి ఏర్పాటని నమ్ముతాను. 2008లో విజయవాడ సెంట్రల్ కొత్తగా వచ్చింది, కంకిపాడు, దుగ్గిరాల నియోజకవర్గాలు పోయాయి, అయినా ఎవరూ పార్టీ కుట్ర అని పెద్దగా అనలేదు. కాకపోతే కోర్టు తలుపు ఇక్కడ ఇంకా బిగువు. నియోజకవర్గాల హద్దుల చట్టాలను కోర్టులో ప్రశ్నించకూడదనే రాజ్యాంగం 329వ అధికరణం అడ్డం. ఉజ్జయిని సీటు రిజర్వు అయిందని మేఘరాజ్ కొఠారీ 1960ల్లో సుప్రీంకోర్టుకెళ్తే, గెజిట్‌లో వచ్చాక అది చట్టంతో సమానం, ప్రశ్నించకూడదన్నారు. 2024లో మాత్రం, ఉత్తర్వు బాహాటంగా ఏకపక్షంగా ఉంటే కోర్టు చూడొచ్చని అదే సుప్రీంకోర్టు తలుపు కొంచెం తెరిచింది.

వార్డులు మాత్రం కమిషన్ చేతిలో ఉండవు. అక్కడ గీసేది నాలాంటివాళ్ళే, బల్ల పక్కన ఎవరో ఒకరు నిలబడతారు. అడ్డుకునే అవకాశమల్లా ముసాయిదాకీ తుది నోటిఫికేషన్‌కీ మధ్య ఉన్న ఆ కొద్ది రోజులే. అప్పుడు "మా వార్డు బాగోలేదు" అని రాస్తే పక్కన పడేస్తారు. నాలుగు దిక్కుల చెక్కుబందీ రాసి, గీత ఎక్కడ సందులోకి దిగిందో పటం మీద ఎర్రగా చూపించి, ఎన్ని ఇళ్ళు అటు పోయాయో లెక్క వేసి ఇవ్వాలి. ఇచ్చినట్టు రసీదు తీసుకోవాలి. ఆ పటం గీయడం నాకొచ్చు. మా చుట్టుపక్కల ఎవరికి అవసరమైనా పొద్దున తొమ్మిది తర్వాత ఇంటికి రండి, డబ్బులేం అక్కర్లేదు. ముసాయిదా కాపీ ఒక్కటి తెచ్చుకోండి.