మెట్ల కింద కుర్చీ

మొన్న శనివారం మా చిన్నోడు నా ఆఫీసు ల్యాప్‌టాప్ మీద పాలు ఒలకబోశాడు. మా ఇంట్లో శిక్షంటే మెట్ల కింద కుర్చీలో పది నిమిషాలు, టీవీ బంద్. వాడు ఏడుపు లంకించుకోగానే తొమ్మిదేళ్ల వాళ్లక్క పోయి ఆ కుర్చీలో కూర్చుంది.

"వాడి బదులు నేనుంటా డాడీ."

"తప్పు చేసినోళ్లే కూర్చోవాలి, లే" అని కసిరాను. లేవలేదు. "గుడ్ ఫ్రైడే రోజు అట్ల చెప్పలేదు కదా? మన తప్పులకు బదులు యేసు శిక్ష పడ్డాడన్నారు కదా?" అంది.

నేను మహబూబ్‌నగర్ జిల్లాలో మెన్నోనైట్ అనే ప్రొటెస్టెంట్ శాఖ చర్చిలో పెరిగినవాణ్ణి. గుడ్ ఫ్రైడే మిట్టమధ్యాహ్నం, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల ధ్యానం ఎండకు చెమటలు కక్కుతూ వినేవాళ్లం. "రక్తము చిందింపకుండ పాప క్షమాపణ కలుగదు" అనే బైబిల్ వాక్యం, హెబ్రీ 9:22, నిద్రలో లేపి అడిగినా అప్పజెప్తాను. అప్పజెప్పడం వేరు, మెట్ల మీద కూర్చుని చెప్పడం వేరు.

లేవీయకాండం 16లోని రెండు మేకల కథ ఎత్తుకున్నాను. ఒకదాన్ని వధిస్తారు. రెండోదాని తల మీద యాజకుడు చేతులుంచి, జనం పాపాలన్నీ ఒప్పుకుని దాన్ని అరణ్యంలోకి తోలిస్తాడు.

"మేకను అడిగారా?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబుంది. మేకల రక్తం పాపాలు తీసేయలేదని హెబ్రీ పత్రికే అంటుంది. యేసునైతే ఎవరూ బలవంతం చేయలేదు, తన ప్రాణం తానే పెడుతున్నానని యోహాను 10లో చెప్పాడు. పాస్టర్‌లా ఫీలయ్యాను.

"నేను కూడా నా అంతట నేనే కూర్చున్నా కదా."

ఇక అప్పు కథకు దిగాను. పదకొండో శతాబ్దంలో ఆన్సెల్మ్ అనే క్రైస్తవ పండితుడు కూడా యేసు మరణాన్ని బాకీ లెక్కలోనే వివరించాడు, నాకు అది సులువు. మా నాయిన చిన్నాయినకు జమానత్ పడ్డాడు. ఆయన కట్టకపోతే దేవరకద్ర సంతలో మా బర్రెను అమ్మి కట్టాడు. బాకీ ఎవరు తీర్చినా తీరుతుంది బిడ్డా అన్నాను.

ఆ తర్వాత ఏడాది పొడవునా ఇంట్లో పాలు లేని చాయే. అమ్మ గిలాస చేతికిస్తూ మొహం పక్కకు తిప్పుకునేది. బర్రె ఆమె పుట్టింటిది. అమ్మేముందు నాయిన ఆమెను అడగలేదు. ఈ ముక్క బిడ్డకు చెప్పలేదు. బర్రెను అడిగారా అంటుందని కాదు, అమ్మను అడిగారా అంటుందని.

శిక్షకు, బాకీకి తేడా ఏంటో నాకే తేలలేదు. వాడి బదులు కూర్చుంటే వాడికి బుద్ధెలా వస్తుందనేది నా పట్టు. చర్చిలో మాత్రం అదే మాటకు ఆమెన్ అంటాను.

ఆ రోజు అసలు శిక్ష సంగతే మర్చిపోయాం. మేమిద్దరం మెట్ల దగ్గర వాదించుకుంటుంటే చిన్నోడు లోపల టీవీ పెట్టుకున్నాడు.