నిషేధం ఉన్నప్పుడు బియ్యం దేశం దాటించడం: మిర్యాలగూడ నుంచి నా అనుభవం

గిర్నీల బియ్యానికి ఎగుమతి కాగితాలు చూడడం నా పని. మన బియ్యం ముందు ఎవరికివ్వాలి, పొరుగు దేశానికా, దూరపు మిత్రుడికా అనే పెద్ద ప్రశ్న మా దాకా వచ్చేసరికి డీజీఎఫ్‌టీ (కేంద్రంలో విదేశీ వాణిజ్యం చూసే కార్యాలయం) నోటిఫికేషన్‌లో ఒక పట్టిక అయిపోతుంది: దేశం పేరు, పక్కన టన్నులు.

2023 జూలై 20 రాత్రి బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపేశారు. అప్పుడు మొదట చూడాల్సింది కోడ్, అంటే కస్టమ్స్ కాగితాల్లో సరుకు రకాన్ని చెప్పే అంకె. నిషేధం పడింది 1006 30 90 మీద, అంటే పచ్చి బియ్యం మీద. బాయిల్డ్ బియ్యం, అంటే వడ్లు ఉడకబెట్టి ఆడించిన ఉప్పుడు బియ్యం, అప్పటి కోడ్ 1006 30 10, దానికి అడ్డు రాలేదు. నాగార్జునసాగర్ ఎడమకాల్వ కింది దొడ్డు వడ్లు బాయిల్డ్‌కు బాగా పనికొస్తాయి కాబట్టి మనవాళ్లకు ఆ దారి మిగిలింది. అయితే పచ్చి బియ్యాన్నే బాయిల్డ్ అని రాసి పంపినవాళ్లూ ఉన్నారు. ఆ సంగతి కేంద్రం దాకా వెళ్లాక రేవులో తనిఖీలు బిగిశాయి. సరిగ్గా ఉడికిన గింజకు మధ్యలో తెల్లపొట్ట ఉండదు, ల్యాబ్‌లో ఇట్టే దొరికిపోతుంది.

రెండోది తేదీల రుజువు. నోటిఫికేషన్‌కు ముందే ఓడలోకి లోడింగ్ మొదలైనా, సరుకు కస్టమ్స్‌కు అప్పగించి వాళ్ల సిస్టంలో ఎక్కినా మినహాయింపు ఉంది. ఒప్పందం ముందే కుదిరింది, అడ్వాన్స్ వచ్చింది అంటే మాత్రం చెల్లలేదు. లారీ కాకినాడ దారిలో ఉన్నా అంతే.

ఆ తర్వాత మిగిలింది దేశాల కోటా. ఏదైనా దేశ ప్రభుత్వం తన ఆహార అవసరానికి అడిగితే మన ప్రభుత్వం ఒప్పుకొని, నేషనల్ కోఆపరేటివ్ ఎక్స్‌పోర్ట్స్ అనే సహకార ఎగుమతి సంస్థ ద్వారా పంపించేది. అక్కడ కొనేవాడు ఎంత పాత పరిచయమైనా గిర్నీ నేరుగా పంపడానికి వీల్లేదు, ఆ సంస్థకు సరఫరా చేయాల్సి వచ్చేది. భూటాన్‌కు 79,000 టన్నులు, నేపాల్‌కు 95,000, మలేషియాకు 1,70,000, కామెరూన్‌కు 1,90,000, ఫిలిప్పీన్స్‌కు 2,95,000. ఈ అంకెలు చూసి దూరపోళ్లకే పెద్దపీట వేశారనుకుంటారు. జనాభాతో భాగించి చూడండి. భూటాన్‌లో మనిషికి దాదాపు వంద కిలోలు, ఫిలిప్పీన్స్‌లో మూడు కిలోలు కూడా రాదు. చిన్న పొరుగువాడికి అది అన్నం, దూరపువాడికి ధర పెరగకుండా ఆసరా. సీషెల్స్‌కు ఇచ్చింది 800 టన్నులే, కానీ ఆ ద్వీపాలు హిందూ మహాసముద్రంలో మనకు కీలకమైన చోట ఉన్నాయి, అందుకే ఇచ్చారని నాకనిపిస్తుంది.

డబ్బు పోయేది సుంకం లెక్కలో. 2023 ఆగస్టు 25న బాయిల్డ్ బియ్యం మీద 20 శాతం ఎగుమతి సుంకం వేశారు. టన్ను 500 డాలర్లకు అమ్మారనుకోండి. సుంకం ఆ ధరలోనే కలిసి ఉందనుకుంటే అసలు విలువ 416.67, సుంకం 83.33. కస్టమ్స్ మొత్తం 500 మీద లెక్క కడితే సుంకం 100. టన్నుకు 16.67 డాలర్ల తేడా. ఎగుమతిదారులకు వెనకటి సరుకుల మీద నోటీసులొచ్చింది ఈ తేడాకే. అందుకే సుంకం ఎవరిదో, ఒప్పందం తర్వాత పెరిగితే ఎవరు భరించాలో విడిగా ఒక వాక్యం రాయిస్తాను. ఫోన్‌లో మాట అనుకున్నాం కదా అని సేట్లు విసుక్కుంటారు. విసుక్కోనీ.

కొనేవాడి దేశం తన తలుపు ఎప్పుడు తీస్తుందో కూడా కనిపెట్టుకుని ఉండాలి. 2024 ఆగస్టులో ఢాకాలో ప్రభుత్వం మారాక బంగ్లాదేశ్‌తో మాటలు చెడ్డాయి. అయినా అదే ఏడాది అక్టోబరు చివర్లో వాళ్లు బియ్యంపై దిగుమతి సుంకం ఎత్తేశారు, డిసెంబరులో మన బాయిల్డ్ బియ్యం ఓడ చట్టోగ్రాం చేరింది. వాళ్ల టెండర్లో తేమ, నూక శాతం అక్షరాలా చూస్తారు. నూక ఎక్కువైతే ధర కోస్తారు.

2024 సెప్టెంబరు 28న తెల్లబియ్యం నిషేధం తీసేసి టన్నుకు 490 డాలర్ల కనీస ధర పెట్టారు. అక్టోబరు 23న అదీ పోయింది. బాయిల్డ్ సుంకం ముందు 10కి, తర్వాత సున్నాకు దిగింది. అయినా నేను ఒప్పందాల్లోంచి ఆ సుంకం వాక్యాన్ని తీసేయలేదు.