ఆరుసార్లు ఉతికినా వదలని నల్ల గ్రీజు

గురువారం ఆరో ప్రయత్నం అయింది. ప్యాంటు తడి ఆరకముందే వరండాలోకి తెచ్చి లోపలి వైపు తిప్పి చూశాను. కుడి మోకాలి దగ్గర బూడిద రంగు మచ్చ అలాగే ఉంది. బయటి వైపు చూస్తే చాలావరకు పోయిందనిపిస్తుంది, కానీ డెనిమ్‌లో బయటి వైపుని నమ్మకూడదు. పైకి కనిపించేది నీలి పడుగు, అంటే నిలువు దారం. లోపల కనిపించేది రంగు వేయని తెల్ల పేక, అంటే అడ్డ దారం. మరక ఎంత మిగిలిందో పేక మీదే తెలుస్తుంది. చూడగానే నీరుగారిపోయాను. రెండు వారాలుగా ఖాళీ దొరికితే ఇదే పని నాకు.

ఇది అరవింద్ మిల్లు సెల్వెడ్జ్ గుడ్డ (అంచు విడిపోకుండా మగ్గం మీదే గట్టిగా నేసిన డెనిమ్), బరువు చదరపు గజానికి 13.5 ఔన్సులు, కొలతలిచ్చి కుట్టించుకున్నది. పదకొండు నెలల్లో ఐదుసార్లే ఉతికాను. మోకాళ్ల మీద ఫేడ్, అంటే తొడిగే కొద్దీ రంగు వెలిసి వచ్చే అందం, ఇప్పుడిప్పుడే తేలుతోంది. సరిగ్గా అక్కడే గ్రీజు పడింది.

మా బావ కారుకి సీవీ జాయింట్ బూట్ (చక్రాన్ని తిప్పే ఇరుసు కీలు మీద గ్రీజు నింపి ఉండే రబ్బరు తొడుగు) చిరిగింది. ఇంటి ముందే మార్చుకుందాం రమ్మంటే సాయానికి వెళ్లాను. పాత జాయింట్ తుడిచిన గుడ్డ నేల మీద ఉంది, దానికి గోలీకాయంత గ్రీజు ముద్ద అంటుకుని ఉంది. చూసుకోకుండా దాని మీదే మోకాలు ఆన్చి ఇరవై నిమిషాలు పని చేశాను. గ్రీజు పైన అంటుకుంటే ఒక లెక్క. ఒంటి బరువంతా వేసి నేతలోకి తొక్కితే ఇంకో లెక్క. లేచి చూసుకునేసరికి బయట 62 మి.మీ. పొడవు, 38 మి.మీ. వెడల్పు. లోపలికి కూడా దిగి అక్కడ 51 కి 30. నడుమ 25 మి.మీ. మేర కారునలుపు, చుట్టూ నూనె పాకిన వలయం.

ఇప్పటివరకు చేసినవన్నీ రాస్తాను, ఎక్కడ తప్పు జరిగిందో మీలో ఎవరికైనా తట్టవచ్చు.

మొదటిరోజు పాత ఏటీఎం కార్డుతో గీకి, ముల్తానీ మట్టి పొడిగా చల్లి, మీద పుస్తకాలు పెట్టి రాత్రంతా వదిలాను. పొద్దున మట్టి పసుపుపచ్చగా తడిసింది. వలయంలో నూనె బాగానే లాగింది, నలుపు కదలలేదు. రెండోసారి విమ్ జెల్ 3 మి.లీ., వేలితో అద్ది ఇరవై నిమిషాలు, గోరువెచ్చని నీళ్లతో జాడింపు. వలయం పూర్తిగా పోయింది. వంటింటి జిడ్డుకైనా బండి ఆయిల్‌కైనా మొదటి దెబ్బ గిన్నెలు తోమే జెల్‌దే అని నా నమ్మకం. మరకలకే ప్రత్యేకమంటూ ఎక్కువ ధరకు అమ్మే సీసాల్లో నాకు దీనికన్నా మెరుగైనది కనపడలేదు. మొన్న మిర్చి బజ్జీల నూనె పడిన చొక్కా కూడా పావుగంటలో దీనితోనే శుభ్రమైంది.

మూడోసారి టర్పెంటైన్. పెయింట్ షాపులో మినరల్ టర్పెంటైన్ అని అడిగి తెచ్చుకోండి. చెట్టు జిగురు నుంచి తీసే రకం ఆరాక బంకలా మిగిలే ప్రమాదం ఉంది. కిరోసిన్ కూడా జిడ్డు లాగుతుంది కానీ ఆ వాసన వారం రోజులు వదలదు. పెట్రోల్ జోలికి అసలు పోవద్దు, దాని ఆవిరికి చిన్న నిప్పురవ్వ చాలు. టర్పెంటైన్ పని కూడా డాబా మీదే, స్టవ్‌కి దూరంగా. గుడ్డ పూర్తిగా గాలికి ఆరి, వాసన పోయాకే బకెట్లో వేశాను. వాషింగ్ మెషీన్‌లో అయితే అసలు వేయను. ప్యాంటు తిరగేసి, మరక కింద బయటి వైపున తెల్ల బనియన్ గుడ్డ నాలుగు మడతలు పెట్టి, లోపలి నుంచి సిరంజితో 2 మి.లీ. చొప్పున వదిలాను. ఏడు విడతలు. మొదటి నాలుగు విడతలూ బనియన్ మీదికి నలుపు దిగింది, ఐదు, ఆరు విడతల్లో బూడిద రంగు, ఏడో విడతలో నీలం. గుడ్డకి నీలం అంటడం మొదలైందంటే ఆపేయాలి. అప్పుడు పోయేది మరక కాదు, మన నీలిమందు.

నాలుగోసారి ఎంజైమ్ ఉన్న లిక్విడ్ డిటర్జెంట్‌లో నాలుగు గంటల నానబెట్టు. ఫలితం సున్నా. లైపేజ్ అనే ఎంజైమ్ నెయ్యి, వేరుశనగ నూనె లాంటి కొవ్వులని విడగొడుతుంది. ఖనిజ నూనెకి దానితో సంబంధం లేదు. ఈ సంగతి తెలిసి కూడా ఆశ చావక చేశాను.

ఐదోసారి చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంది. టూత్‌బ్రష్ పట్టాను. మెత్తటిదే, మూడు నిమిషాలే. నీలిమందు దారం లోపలిదాకా దిగదు, పై పొరకే ఉంటుంది, నడిమధ్య తెలుపే. బ్రష్ ఆ పై పొరని లేపేసింది. మరక చుట్టూ 4 మి.మీ. వెడల్పున పాలిపోయిన గీత పడింది. పదకొండు నెలలు తొడిగి తెచ్చుకున్న ఫేడ్ పక్కన ఇప్పుడు ఈ గీత. మరక పోయినా ఇది పోదు. దయచేసి డెనిమ్ మీద బ్రష్ వాడకండి, వేలి కొన చాలు.

ఆరోసారి టర్పెంటైన్ రెండు వంతులు, విమ్ ఒక వంతు కలిపి పూసి, పైన ప్లాస్టిక్ కవర్ కప్పి డాబా మీద ఎనిమిది గంటలు ఉంచాను. తర్వాత ఆరబెట్టి, ఈజీతో ఉతికి, నాలుగు నీళ్లు జాడించాను. రంగు గుడ్డలకి నేను పొడి సబ్బు వాడను, ఈజీ లాంటి సోడా లేని లిక్విడే వాడతాను. గురువారం పొద్దున చూసింది ఈ ఫలితమే.

కొలత కోసం ప్రతిసారీ ఉదయం తొమ్మిదికి వరండాలో, నీడలో, ఒకే దూరం నుంచి లోపలి వైపు ఫోటో తీసి, ఫోన్‌లో కలర్ పికర్‌తో వెలుగు అంకె చూస్తున్నాను. అంకె పెరిగితే నలుపు తగ్గినట్టు. శుభ్రమైన చోట 171. మరక నడుమ మొదట్లో 58, విమ్ తర్వాత 83, టర్పెంటైన్ తర్వాత 110. ఆ తర్వాత 110, 113, 112. అంటే మూడో ప్రయత్నం తర్వాత చేసిందంతా వృథాయే.

శుక్రవారం నీటిచుక్క పరీక్ష చేశాను. ఇది ముందే చేసి ఉండాల్సింది. ఆరిన గుడ్డ మీద సిరంజితో ఒక్క చుక్క వేసి ఇంకడానికి ఎంతసేపు పడుతుందో చూడటమే. నూనె ఉంటే చుక్క ముత్యంలా నిలబడుతుంది. శుభ్రమైన చోట 4 సెకన్లు పట్టింది. మరక మీద 5 సెకన్లు! జాడింపులో మిగిలిన సబ్బు వల్ల ఇంకిందేమోనని అనుమానమొచ్చి, మరక మీద తెల్ల కాగితం పెట్టి, దాని మీద ఐదు కిలోల బియ్యం సంచి పెట్టి రాత్రంతా ఉంచాను. పొద్దున కాగితాన్ని వెలుతురుకి పట్టి చూస్తే ఎక్కడా నూనె మెరుపు లేదు.

అంటే నూనె ఎప్పుడో పోయింది. నేను మూడుసార్లు లేని నూనెతో యుద్ధం చేశాను.

మిగిలిన నలుపు ఏమిటో బావ దగ్గరున్న కొత్త ట్యూబు మీదే రాసి ఉంది: మాలిబ్డినం డైసల్ఫైడ్. సీవీ జాయింట్లలో వాడే నల్ల గ్రీజుకి ఆ రంగు దీని వల్లే. గ్రాఫైట్ లాగా పొరలు పొరలుగా ఉంటుంది, పొర మీద పొర జారుతుంది, అందుకే బరువు పడే చోట వాడతారు. ఇది నీటిలో కరగదు, టర్పెంటైన్‌లోనూ కరగదు. సబ్బు, టర్పెంటైన్ చేసిందల్లా నూనెని తీసేయడమే. ఆ పొడి దారాల సందుల్లో చిక్కుకుని ఉండిపోయింది. పాత జాయింట్ కాబట్టి అరిగిన ఇనుప రజను కూడా కొంత ఉండి ఉండాలి. బ్లీచ్ వేద్దామా అంటే అది ముందు ఇండిగోనే విరగ్గొడుతుంది, ఆ మాట ఎత్తకండి.

నా ఊహ ఇది. పొడిని గుడ్డలోకి మోసుకొచ్చింది నూనె. బయటికి మోసుకెళ్లాల్సింది కూడా నూనే. నేను తొందరపడి ఆ నూనెని ముందే తీసేశాను, పొడికి బయటికొచ్చే దారి మూసేశాను. రెండో ఊహ, మోకాలి ఒత్తిడికి పొరలు నలిగి దారానికి ఇంకా గట్టిగా పట్టి ఉంటాయి. ఇది రుజువు చేయడం కష్టం. మా బోరు నీళ్ల టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల కొలత) 780 వస్తుంది, సబ్బు బిళ్ల వాడి ఉంటే దాని తెట్టు కూడా పొడిని పట్టుకునేది, కానీ నేను బిళ్ల వాడలేదు. అందుకే నా ఓటు మొదటి ఊహకే.

శనివారం దాన్ని పరీక్షించాను. ప్యాంటు పొడవు తగ్గించినప్పుడు మిగిలిన ముక్క దాచి ఉంచాను, దాన్ని నాలుగు చేశాను. ఒక్కోదానికి బఠాణీ గింజంత కొత్త గ్రీజు, పైన ప్లాస్టిక్ కాగితం, దాని మీద మోకాలు ఆన్చి పది నిమిషాలు తొక్కుడు. ఒకటికి విమ్ మాత్రమే. రెండోదానికి టర్పెంటైన్, తర్వాత విమ్. మూడోదానికి మందుల షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ 2 మి.లీ. పోసి, అరగంట ఆగి, బనియన్ గుడ్డతో అద్ది తీసి, అలా మూడుసార్లు చేశాక విమ్. నాలుగోదానికి పారాఫిన్ బదులు కొబ్బరినూనె, మిగతాదంతా అదే.

ఆరాక అంకెలు వరుసగా 102, 111, 140, 129.

140 చూసి మళ్లీ ఫోటో తీశాను, 139 వచ్చింది. నిజమే! పక్కనే ఉన్న అమ్మకి చూపిస్తే, "జిడ్డు పోవడానికి నూనె పోయడమేంట్రా?" అంది, కానీ తనే ఒకప్పుడు కాటుక మరకకి కొబ్బరినూనె రాసి తీసేదాన్నని గుర్తు చేసుకుంది. కాటుక కూడా నూనెలో కలిపిన మసే కదా. పారాఫిన్ కొబ్బరినూనె కన్నా ఎందుకు మెరుగైందో ఖాయంగా చెప్పలేను, బహుశా అది గ్రీజులోని నూనె జాతిదే కావడం వల్ల.

అయితే అది తాజా మరక. నా ప్యాంటు మీద నూనె ఇప్పటికే పోయింది. అందుకే ఆదివారం రెండో ముక్క తీసుకుని, అంటే 111 దగ్గర ఆగిపోయిన దాన్ని, మళ్లీ పారాఫిన్‌తో తడిపాను. ఈసారి అరగంట కాదు, మూడు గంటలు. వేలితో లోపలి నుంచి బయటికి మెల్లగా నొక్కుతూ అద్దాను. బనియన్ మీద మళ్లీ నలుపు దిగింది. పలుచగానే, కానీ నలుపే, నీలం కాదు. విమ్‌తో కడిగాక 111 కాస్తా 122 అయింది. మూడో ముక్కంత రాలేదు గానీ, రెండు వారాల తర్వాత అంకె కదలడం ఇదే మొదటిసారి.

కాబట్టి ఏడో ప్రయత్నం వచ్చే శనివారం, ప్యాంటు మీదే. పారాఫిన్ 5 మి.లీ., రాత్రంతా, కింద ప్రతి గంటకీ కొత్త మడత, నేను మేలుకుని ఉన్నంతసేపు. పారాఫిన్ బయటికి పాకకుండా చుట్టూ ముల్తానీ మట్టి గట్టు కడతాను. కడిగేది రెండు విడతల విమ్‌తో, బ్రష్ లేకుండా. 140 దాటితే ఆపేసి తొడుక్కుంటాను, మిగతాది ఫేడ్‌లో కలిసిపోతుంది. ఈలోపు మిగిలిన ముక్కల మీద పారాఫిన్‌లో కొంచెం విమ్ కలిపి పోస్తే ఎలా ఉంటుందో కూడా చూడాలి.

బావ డెనిమ్ జాకెట్ కూడా నా దగ్గరికి వచ్చింది, చేతికి గేర్ ఆయిల్. నలుపు లేదు, గంధకం లాంటి ఆ ఘాటు వాసనే సమస్య. ఆ తర్వాత ఆవకాయ మరక వంతు. కారం ఎరుపు నూనెలో కరిగే రంగు, ఎండకి వెలుస్తుంది, కానీ ఎండకి ఇండిగో కూడా వెలుస్తుంది. మరక మేర మాత్రమే ఎండ తగిలేలా అట్టముక్కకి కంత చేసి కప్పితే ఎన్ని గంటలు పడుతుందో కొలవాలి. ముక్కలు అయిపోవచ్చాయి, టైలర్‌ని అడిగి ఇదే గుడ్డ అరమీటరు తెప్పించుకుంటున్నాను.